సింగారమ్మ కవితకు మొదటి బహుమతి

కొండ కింద సెల్ టవరు లేచాక, అందరికంటే ముందు ఫోను సంపాదించింది నక్క నాంచారయ్య. మిగతావాళ్లకూ ఫోన్లు రాగానే 'కొండగాలి కథలు, కవితలు' అని ఒక గ్రూపు పెట్టి, కళ్లంలో ఉండే పశువుల్నీ పక్షుల్నీ అందులో చేర్చేశాడు. నెలనెలా మంచి రచనలు ఏరి, సభ పెట్టి, సన్మానాలు చేసేవాడు. ఎవరు ఏం రాసినా రెప్పపాటులో "అద్భుతం! గుండె పిండేశారు!" అని పెట్టేవాడు.

కాపలాకుక్క వీరాస్వామి వెన్నెల మీద నాలుగు ముక్కలు రాస్తే, "మహాకవీ! మీ మొరుగులో కూడా ఛందస్సుంది" అన్నాడు. ఆ రోజు నుంచి వీరాస్వామి నక్కను చూసి మొరగడం మానేశాడు. తనను మహాకవి అన్నవాడి మీద నోరెలా లేస్తుంది?

నక్కకు కావలసిందీ అదే. కోడిపెట్ట సింగారమ్మ గంపలో గుడ్లు మాయం కాసాగాయి.

ఒక పొద్దున సింగారమ్మ నేల మీది సొన చుక్కలు పట్టుకుని కొండవాలు దాకా పోయింది. అక్కడ తుమ్మచెట్టు మొదట్లో పెంకుల కుప్ప, పక్కనే మూతి తుడుచుకుంటూ నాంచారయ్య! పరుగున వచ్చి 'గుడ్లదొంగ నాంచారయ్యే' అని గ్రూపులో పెట్టింది. పెట్టిన మరుక్షణం నక్క దాన్ని తుడిచేశాడు. "ఇది సాహిత్య వేదిక. ఇంటి గొడవలు పెట్టరాదు" అని హెచ్చరిక కూడా చేశాడు.

సింగారమ్మ కుక్క దగ్గరికి పోయింది. "వీరాస్వామీ, ఒక్కసారి వచ్చి చూడు నాయనా!"

"నాంచారయ్యగారా? అంతటి రసికుడు గుడ్లు దొంగిలిస్తాడా? నీకు కళ్లు మసకేశాయి. నన్ను కదిలించకు, కవిత వస్తోంది."

కంచే చేను మేస్తుంటే కాపలావాడు కళ్లు మూసుకున్నట్టుంది వరస. సింగారమ్మ ముసలి ఎద్దు పెదకోటయ్య ముందు కూలబడి ఏడ్చేసింది.

"ఏడవకే తల్లీ," అన్నాడు పెదకోటయ్య నెమరేస్తూ. "మొన్న నేను చెయ్యి జారి 'కుడితిలో ఉప్పెక్కువైంది' అని గ్రూపులో పెట్టాను. 'బతుకులోని చేదును పట్టుకున్నారు' అని మెచ్చుకున్నాడు. వాడు చదివితే కదా!"

సింగారమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. "చదవడా మావా?"

"చదివితే ఒట్టు!"

ఆ సాయంత్రమే సింగారమ్మ ఒక కవిత రాసింది. పైన 'సాహితీ సింహం నాంచారయ్యగారికి అంకితం' అని పెట్టి నేరుగా నక్కకే పంపింది. నక్క ఆ ఒక్క వరుసే చదివి ఉబ్బిపోయాడు. "ఈ నెల మొదటి బహుమతి సింగారమ్మగారికే. ఇందులో ప్రతి అక్షరం సత్యం, నేనే సాక్షి!" అని గ్రూపంతా చాటేశాడు.

సభ నాడు కళ్లం నిండిపోయింది. మెడలో పూలదండతో నాంచారయ్య ఎత్తుమీద కూర్చుని, "చదవండి, చదవండి! అందరూ చెవులొగ్గి వినాలి" అన్నాడు. సభలో కవితలు చదివే గోరింక వరాలు గొంతు సవరించుకుని, ముందు అంకితం వినిపించి, కవిత ఎత్తుకుంది.

"గంపలో నా గుడ్లు పొదిగే లోపల
గట్టు దిగొచ్చాడు గుబురుతోకవాడు.
కుక్కకు పొగడ్త వేశాడు, అది తిని పడుకుంది.
నా గుడ్లు తాను తిని మూతి తుడిచాడు.
పెంకులు కావాలా? తుమ్మ మొదట్లో వెతకండి.
పేరు కావాలా? పైన అంకితం చూడండి."

వీరాస్వామి తల దించుకుని తుమ్మచెట్టు వైపు పరుగెత్తాడు. తిరిగొచ్చి, నోట కరుచుకొచ్చిన పెంకులు అందరి ముందూ రాల్చాడు.

"క... కవిత్వం కదా! అంతా కల్పన!" అన్నాడు నక్క, తేలు కుట్టిన దొంగలా.

"ప్రతి అక్షరం సత్యమన్నది మీరే కదండీ," అన్నాడు పెదకోటయ్య. "సాక్షి కూడా తమరేనాయె!"

నాంచారయ్య దండతో సహా ఒక్క దూకు దూకాడు. ఎన్నాళ్లుగానో దాచిపెట్టుకున్న మొరుగంతా వీరాస్వామి ఒకేసారి మొరిగాడు. ఆ పరుగులో పూలు దారంతా రాలాయి, తోక వెంట్రుకలు సగం కుక్క నోట్లో మిగిలాయి. నక్క మళ్లీ ఆ ఛాయలకు రాలేదు.

వీరాస్వామి నసుగుతూ వచ్చాడు. "సింగారమ్మా, నీ కవిత నిజంగా బాగుంది. రెండుసార్లు చదివాను. కుక్క ఉన్న వరుస దగ్గర మాత్రం గుండె కలుక్కుమంది."

"అయితే బాగానే రాశానన్నమాట," అంది సింగారమ్మ, మిగిలిన గుడ్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

చదవకుండా పొగిడే నోరు, ఏదో ఒకనాడు తన గుట్టు తానే చదివించుకుంటుంది.