మూర లెక్కన మాటలు

అనగనగా, గోడలు చదివి సరుకు కొనే కాలంలో, సముద్రం ఒడ్డున ముత్తెపురేవు అనే పట్నం ఒకటి ఉండేది.

ఆ పట్నానికి బజారు వీధి ఒక్కటే. కాని అలాంటి వీధి మళ్ళీ ఎక్కడా పుట్టలేదు. ప్రతి అంగడి ముందూ పొడుగాటి సున్నపు గోడ ఉండేది. లోపల ఏం దొరుకుతుందో, ఎలాంటిది దొరుకుతుందో ఆ గోడ మీద ఎర్రమట్టితో రాసి ఉండేది. దూరపు ఊళ్ళవాళ్ళు బండి దిగి ముందు గోడలు చదివేవారు. ఆ తరవాతే గడప తొక్కేవారు. చదువు రాని పొరుగూరివాళ్ళకు చదివి వినిపించడం ఆ వీధి మర్యాద.

ఎండ తగ్గితే ఊరంతా అక్కడే. తండ్రులు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చేవారు. ఉప్పు కొట్టు దగ్గర ఒక అక్షరం, బెల్లం కొట్టు దగ్గర ఒక అక్షరం పట్టుకుంటూ పిల్లలు వీధి చివరికి చేరేవారు. సున్నం వాసన, తడి ఎర్రమట్టి వాసన, పక్కనే వేయించే శనగల వాసన. ఆ మూడూ కలిసిన గాలి ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు.

వానాకాలంలో గోడలన్నీ కడుక్కుపోయేవి. వానలు వెనకబట్టగానే కొత్త సున్నం వేసి, కొత్తగా రాయించేవారు.

రాసేది ఎవరంటే, రేవు దగ్గర సుంకపు చావడి అరుగు మీద కూర్చునే రాతగాళ్ళు. వాళ్ళు ఎవరి కొలువులోనూ ఉండేవారు కాదు. ఇవాళ ఉప్పు కొట్టుకు రాస్తే రేపు అత్తరు కొట్టుకు రాసేవారు. పని కాగానే కుంచె కడుక్కుని మళ్ళీ అరుగు మీదికి వచ్చేసేవారు.

ఆ వీధిలో గవరయ్య శెట్టి తాళ్ళు అమ్మేవాడు. కొబ్బరి తోటలో అతని భార్య చెంచమ్మ, ఆమెతోపాటు వాడలోని ఆడవాళ్ళు తాళ్ళు పేనేవారు. పీచు నానబెట్టేవారు, బాదేవారు, పురి పెట్టేవారు. వాళ్ళ పాటలు రేవు దాకా వినబడేవి. తాళ్ళు మంచివి. అందుకే గవరయ్య తన గోడ మీద 'తాళ్ళు' అని ఒక్క మాట రాయించి ఊరుకునేవాడు. ఊరికి తెలిసిన సంగతి మళ్ళీ రాయడమెందుకని అతని ఉద్దేశం.

వానలు తగ్గాక రేవులోని పడవలన్నీ సముద్రం మీదికి పోయేవి. వాటికి ఏడాదికి సరిపడా తాళ్ళు, పడవలన్నిటికీ పెద్ద అయిన సరంగు ఒకే కొట్టులో కొనేవాడు. ముసలి సరంగు ఎప్పుడూ గవరయ్య దగ్గరే కొనేవాడు. ఆ ఏడు ముసలి సరంగు పోయాడు. కొత్త సరంగు దానయ్య అని, ఎక్కడో దక్షిణపు రేవు నుంచి వచ్చాడు. అతనికి ఊళ్ళో ఎవరూ తెలియదు. వచ్చే పౌర్ణమికి వీధిలో నడుస్తాననీ, గోడలు చదివి కొంటాననీ కబురు పెట్టాడు.

అదే అదనుగా వీధి మొదట్లో ఇంకో తాళ్ళ కొట్టు వెలిసింది. దాని గోడ ఈ చివర నుంచి ఆ చివరకు కిక్కిరిసి ఉంది. జనం దాని ముందు గుమిగూడుతున్నారు.

చెంచమ్మ మొగుణ్ణి నిలదీసింది. "ఈ బేరం పోతే తోటలో ఆడవాళ్ళంతా ఏం తింటారు? పీచా?"

"అంతమాట అనకే. నేనూ రాయిస్తాను. వాడి గోడకంటే ఎక్కువ రాయిస్తాను," అన్నాడు గవరయ్య.

అని మూరకోల చంకన పెట్టుకుని సుంకపు చావడికి బయలుదేరాడు. పుట్టిన దగ్గరనుంచీ తాడు కొలిచిన మనిషి. ఎక్కువ మూరలుంటే ఎక్కువ సరుకు అన్నదే అతనికి తెలిసిన లెక్క. మాటలకూ అదే లెక్క కట్టాడు.

"మూరకింత కూలి. గోడ నిండాలి. ఎవరొస్తారు?" అని అరుగు ముందు కేకేశాడు.

చిట్టిభొట్లు అందరికంటే ముందు లేచాడు. "ఏం అమ్ముతారు శెట్టిగారూ?"

"తాళ్ళు."

"చాలు, చాలు. ఇంకేమీ చెప్పకండి," అన్నాడు చిట్టిభొట్లు.

ఆ వేగం చూసి గవరయ్య పొంగిపోయాడు. పొద్దెక్కకముందే గోడ నిండిపోయింది. గవరయ్య మూరకోలతో కొలిచి, మూరలు తగ్గలేదని తృప్తిపడి, కూలి ఇచ్చి పంపాడు. చదవడం మాత్రం మరిచిపోయాడు.

సాయంత్రం ఊరు చదివింది. చిట్టిభొట్లు ముందు వారం నెయ్యి కొట్టుకు రాశాడు. ఆ రాతలోనే నెయ్యి తీసేసి తాడు పెట్టాడు.

'మా తాళ్ళు కమ్మని సువాసన గలవి. పిల్లలకు పుష్టి. వృద్ధులకు తేలికగా జీర్ణమగును. ఒకసారి రుచి చూచినవారు మరువలేరు.'

వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఒక ముసలమ్మ గడప దాకా వచ్చి అడిగింది. "నాయనా గవరయ్యా, తాడు పోపులో వెయ్యాలా, పులుసులో వెయ్యాలా?"

గవరయ్య తలుపు వేసుకున్నాడు. మర్నాడే గోడకు సున్నం కొట్టించి మళ్ళీ అరుగు దగ్గరికి వెళ్ళాడు.

ఈసారి విరూపాక్షి లేచాడు. జరీ కండువా, గంభీరమైన గొంతు. "శెట్టిగారూ, అవతలి గోడ చదివాను. అందులో ఒక ఏనుగుంది. మీ గోడ మీద రెండు ఏనుగులు పెడతాను," అన్నాడు.

"మూడు పెట్టు," అన్నాడు గవరయ్య.

విరూపాక్షి రాశాడు. 'ఈ తాటితో మూడు మదపుటేనుగులను కట్టవచ్చును. కొండను కదిలించవచ్చును. ఏ పనికైనా, ఏ కాలమందైనా, ఎవరికైనా ఈ తాడే.' అలా గోడ చివరిదాకా రాశాడు.

ఈసారి గవరయ్య చదివాడు. చదివి, తన తాళ్ళేనా ఇవి అని తానే మురిసిపోయాడు. జనం విరగబడ్డారు. ఉన్న సరుకంతా ఒక్క పూటలో అమ్ముడుపోయింది.

అలా కొన్నవాళ్ళలో గంగిరెద్దును ఆడించే గురవప్ప ఒకడు. మెత్తగా ఉంది, ఎద్దు మెడకు హాయిగా ఉంటుందని నూలు తాడు కొన్నాడు. నూలు తాడు పసిపిల్లల ఉయ్యాలకు కట్టేది. గోడ మీద ఏ పనికైనా అని ఉంది గనక అతనికి అనుమానం రాలేదు. ఎద్దు తల ఒక్కసారి విదిలించింది. తాడు తెగింది. ఎద్దు నేరుగా మిఠాయి కొట్టులోకి దూరి, లడ్డూల పళ్ళెం తొక్కి, పాకం బాన తన్ని, కొమ్ముకు జంతికల గుత్తి తగిలించుకుని బయటికొచ్చింది.

"మూడు ఏనుగులన్నావే!" అని గురవప్ప గవరయ్య గుమ్మం ముందు చిందులు తొక్కాడు. "నా ఒక్క ఎద్దు ఆగలేదు!"

"నా పాకం సంగతేంటి?" అని మిఠాయి కొట్టతను అతని వెనకే.

వాళ్ళ వెనక మరొకడు, అతని వెనక ఇంకొకడు. ఉయ్యాలకు కొబ్బరి తాడు కట్టి బిడ్డ ఒళ్ళు గీరుకుపోయిందని ఒక తల్లి ఏడ్చింది. అమ్మిన తాళ్ళన్నీ సాయంత్రానికి గుట్టగా తిరిగొచ్చాయి. అంతవరకు గవరయ్య తాళ్ళు మంచివని ఊరికి తెలుసు. ఇప్పుడు ఊరికి ఆ సంగతి కూడా తెలియకుండా పోయింది.

పౌర్ణమి దగ్గరపడింది. తోటలో పాటలు ఆగిపోయాయి.

గవరయ్య మూడోసారి అరుగు దగ్గరికి వచ్చాడు. ఈసారి కేక వేయలేదు. మెల్లగా అడిగాడు. అరుగు చివర పేరిందేవి అనే ఆవిడ కుంచె వెంట్రుకలు సరిచేసుకుంటోంది. మాట కాస్త పెళుసు. పని దొరకని రోజున కూడా ఎవరినీ బతిమాలదని పేరు.

"నేను మూర లెక్కన రాయను," అంది.

"మరి?"

"గోడ లెక్కన రాస్తాను. ముందు సరుకు చూడాలి."

"రాయడానికి చూడటమెందుకమ్మా?"

"చూడనివాళ్ళతో రెండుసార్లు రాయించారుగా. సుఖపడ్డారా?"

గవరయ్య ఆమెను తోటకు తీసుకువెళ్ళాడు. పేరిందేవి తాడు పట్టుకు చూసింది, లాగి చూసింది, పురి విప్పి చూసింది. చెంచమ్మ పక్కన పీచు కుప్ప మీద చతికిలబడింది.

"మీ తాళ్ళు చాలా గట్టివి. తెలుస్తూనే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఇవి దేనికి పనికిరావు?" అని అడిగింది.

గవరయ్య అడ్డుపడ్డాడు. "అదేం ప్రశ్న తల్లీ! అమ్ముకునేవాణ్ణి అడిగే మాటేనా?"

చెంచమ్మ మాత్రం నవ్వింది. "ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు," అని మొదలుపెట్టింది. పక్కనున్న ఆడవాళ్ళూ గొంతు కలిపారు. ఏ తాడు ఎప్పుడు తెగుతుందో, ఏది ఎలా కుళ్ళుతుందో ఒకరు చెబుతుంటే ఇంకొకరు అందుకున్నారు. తమ పిల్లల అల్లరి చెప్పుకునే తల్లుల్లా పోటీలు పడి చెప్పారు.

మర్నాడు గవరయ్య పాత రాత మీద మళ్ళీ సున్నం కొట్టించాడు. ఆ గోడ మీద పేరిందేవి రాసింది.

'కొబ్బరి పీచు తాడు. ఉప్పునీటికి చెడదు. గరుకుగా ఉంటుంది, ఉయ్యాలకు వద్దు.

జనపనార తాడు. బరువులెత్తడానికి ఇది మంచిది. తడిగా చుట్టి పెడితే కుళ్ళిపోతుంది.

నూలు తాడు. బిడ్డ ఉయ్యాలకు మంచిది. పశువును కట్టకండి, తెంచుకుంటుంది.

ఏ పనికో చెప్పి కొనండి.'

అంతే. మిగతా గోడంతా తెల్లగా ఉంది.

గవరయ్య ఆ ఖాళీ చూసి అరిచాడు. "ఇదేంటమ్మా! నా గోడ గుండు కొట్టించుకున్నట్టుందే! పైగా కుళ్ళిపోతుంది, తెగిపోతుంది అని నా గోడ మీదే రాస్తావా? ఎద్దు సంగతి ఊరు మరిచిపోతే బాగుండునని నేను చస్తుంటే!"

"ఊరు మరవదు. మీరు కూడా మరవలేదని తెలిస్తే క్షమిస్తుంది."

"మరి ఈ ఖాళీకి కూడా కూలి ఇవ్వాలా?"

"ఎక్కడ ఆపాలో తెలిసి ఆపాను. దానికీ ఇవ్వాలి," అంది పేరిందేవి. "మీకు ఇష్టం లేకపోతే సున్నం కొట్టండి. కాని నా మాటల పక్కన ఏనుగుల్ని మాత్రం నిలబెట్టకండి. నిలబెడితే నావి కూడా చెరిపెయ్యండి."

గవరయ్య సున్నపు ముంత అందుకున్నాడు. అవతల వీధి మొదట్లో చిట్టిభొట్లు, విరూపాక్షి ఇద్దరూ పోటీ తాళ్ళ కొట్టు గోడకు రాస్తున్నారు. ఒక్క కేక వేస్తే వస్తారు. సరంగు వచ్చేది ఆ సాయంత్రమే. కుంచె సున్నంలో ముంచాడు.

రాత చూడటానికి తోట నుంచి వచ్చిన చెంచమ్మ అప్పుడు అంది. "చెరపండి. కాని ముందు ఒకటి చెప్పండి. గోడ మీద ఉన్నదాంట్లో అబద్ధం ఏది?"

గవరయ్య మళ్ళీ చదివాడు. పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. అబద్ధం కనబడలేదు. కుంచె నుంచి సున్నం బొట్లు బొట్లుగా కాళ్ళ మీద పడుతోంది. కాసేపటికి కుంచె ముంతలో పడేసి, తన కొట్టు అరుగు మీద కూలబడ్డాడు.

సాయంత్రం సరంగు దానయ్య వచ్చాడు. బక్కపలచని మనిషి, ఉప్పుగాలికి నల్లబడ్డ మొహం. వీధి మొదట్లో గోడ చదవడానికి అతనికి చాలాసేపు పట్టింది. చదివి, "ఈ రేవులో ఇన్ని ఏనుగులున్నాయని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు. జనం నవ్వారు. అలా గోడ గోడకూ ఆగుతూ గవరయ్య కొట్టు ముందుకు వచ్చాడు.

చదివాడు. చదవడం చప్పున అయిపోయింది. ఇంకా ఏమైనా ఉందేమోనని తెల్లటి గోడ వైపు చూశాడు. మళ్ళీ మొదటినుంచీ చదివాడు.

"కుళ్ళిపోతుందని రాశారేం శెట్టిగారూ?"

గవరయ్య అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. "తడిగా చుట్టి పెడితేనే బాబూ. ఆరబెట్టుకుంటే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. తడి సంగతి చెప్పకుండా అమ్మితే... సముద్రం మీద మీకు చెప్పేవాళ్ళు ఉండరు కదా."

దానయ్య గోడ మీద ఆ మాట దగ్గర వేలు పెట్టాడు. "మా అన్న నాకంటే మంచి నావికుడు," అన్నాడు. "ఏ పనికైనా ఇదే తాడన్న మాట నమ్మి కొన్నాడు. పడవ అడుగున తడిగా చుట్టి పెట్టాడు. గాలివానలో తీసేసరికి అది తాడు కాదు, మట్టి. పడవ తిరిగిరాలేదు." తల ఎత్తి గవరయ్య వైపు చూశాడు. "లంగర్లకు పీచు తాడు, తెరచాపలకు జనపనార. అన్ని పడవలకూ మీరే ఇవ్వండి. ఆరబెట్టే పద్ధతి మా కుర్రాళ్ళకు మీ ఇంటావిడే చెప్పాలి."

"చెబుతాను, కాని శ్రద్ధగా వినాలి. వినకపోతే చెవి మెలిపెడతాను," అంది చెంచమ్మ.

దానయ్య మొదటిసారి నవ్వాడు. వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించాడు. "కాస్త నూలు తాడు కూడా కావాలి. నెల తిరిగేసరికి ఇంట్లో ఉయ్యాల కట్టాలి."

మర్నాటి నుంచి తోటలో మళ్ళీ పాటలు. గురవప్ప వచ్చి ఎద్దుకు తగిన తాడు అడిగి తీసుకువెళ్ళాడు. పేరిందేవికి గవరయ్య గోడ మొత్తానికీ కూలి ఇచ్చి, పైన ఒక చీర పెట్టాడు. ఆమె చీర మడత విప్పి నేత చూసి, బాగుందని చెప్పి, కుంచె కడుక్కుని అరుగు మీదికి పోయింది.

ఆ వీధి ఇప్పుడు లేదు. గోడలు ఏ వానకు ఎప్పుడు కూలాయో చెప్పేవాళ్ళు కూడా లేరు. అంగళ్ళన్నీ మన అరచేతిలోకి వచ్చేశాయి. వాటి గోడల మీద రాతలకు అంతూ పొంతూ లేదు. సాయంత్రం పూట బిడ్డను భుజం మీద ఎక్కించుకుని చదివించే గోడ మాత్రం ఒక్కటీ కనబడదు. రాతగాళ్ళు ఇంకా ఉన్నారు, పిలిచేవాళ్ళూ ఉన్నారు. పిలిచేవాళ్ళకు, రాసేవాళ్ళకు, రేపు ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు కాబోయే పిల్లలకు ఈ కథ.

ఇందులో నీతి: తన సరుకు దేనికి పనికిరాదో దాచకుండా చెప్పినవాడు, దేనికి పనికివస్తుందో చెప్పినప్పుడు లోకం నమ్ముతుంది.