దీనమ్మకు పిడికెడు మన్ను

పరంజ్యోతి అయ్యగారిని ఏదైనా అడిగితే ముందు జవాబు రాదు, పని వస్తుంది. ఆయన మస్కట్‌లో తెలుగు సంఘానికి కాపరి. ఆయన దగ్గర వాక్యం నేర్చుకుంటున్న నతానియేలుకు ఈ సంగతి తెలియక కాదు, కుర్రతనం ఊరుకోనివ్వదు. ఆ దేశంలో ఆదివారం అందరికీ పనిరోజు, అందుకని మనవాళ్ల ఆరాధన శుక్రవారం. ఆ శుక్రవారం పొద్దున హాల్లో చాపలు దులుపుతూ అడగనే అడిగాడు.

“అయ్యగారూ, ముక్కూ మొహమూ తెలియనివాళ్ల కోసం వారం వారం ప్రార్థన చేస్తున్నాం. ఫలానా ఊళ్లో ఫలానావారికి బాగోలేదంటారు, ఆమేన్ అంటాం. మనసు కదలకుండా చేసేది ప్రార్థన ఎలా అవుతుంది?”

అయ్యగారు ఆ చాపను గోడవారకు లాగమన్నారు. అంతే. నతానియేలు అడిగింది ఊసుపోక కాదు పాపం. పై నెల నుంచి సంఘం కోసం ప్రార్థన చేసే పని అతనిదేనని పెద్దలు తేల్చేశారు. లోపల ఏమీ లేకుండా పదిమంది ముందు నిలబడి కళ్లు మూసుకోవడమంటే అతనికి నిజంగానే భయం.

ఉన్నది ఒక్కటే హాలు, దానికి అన్ని భాషలవాళ్లూ వంతులు. మనవాళ్లు పాడి, విని, ముగించి బయటికొచ్చేసరికి ఇథియోపియావాళ్లు తెల్లని శాలువాలు కప్పుకుని వేపచెట్ల నీడన కాచుకుని ఉన్నారు. వెనక షెడ్డులో ప్రేమవిందు మొదలైంది. వారమంతా తెలుగు మాట చెవిన పడనివాళ్లు కదా, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కోడికూరలో ఉప్పు తగ్గిందని ఒకరు, పప్పుచారు ఇంకొంచెం పొయ్యమని ఇంకొకరు, ఒకటే సందడి.

అప్పుడొచ్చింది దయామణి. రాజోలు వైపు మనిషి, ఒక అరబ్బు ఇంట్లో వంటా పిల్లలూ చూసుకుంటుంది. ఆవిడ చర్చికి రావడమే అపురూపం. చెప్పులు విప్పి, చున్నీ తలమీదికి లాక్కుని, వచ్చి అయ్యగారి ముందు నిలబడింది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది.

వాళ్లమ్మ దీనమ్మ పోయిందట. నిన్న సాయంత్రం సమాధి చేశారట. యజమానురాలు మంచిదే, కానీ కాగితాలు కదిలి, టిక్కెట్టు దొరికి, ఈవిడ ఊరు చేరేదాకా శవాన్ని ఎవరుంచుతారు? చెల్లెలు ఫోనులో చూపించింది. పెట్టె దించారు, పాట ఎత్తుకున్నారు, సరిగ్గా మన్ను వేసే వేళకు ఫోను ఆగిపోయింది. అయినవాళ్లు తలా పిడికెడు మన్ను వేస్తేనే మనవాళ్లలో మనిషిని సాగనంపినట్టు. పెద్దకూతురి మన్ను పడనేలేదు. అందుకని యజమాని తోటలోంచి పిడికెడు తీసుకుని, దారి పొడుగునా అలాగే పట్టుకుని వచ్చింది. దీన్నెక్కడ వెయ్యాలో చెప్పమని అడిగింది.

అయ్యగారికంటే ముందు నతానియేలు నోరు విప్పాడు. మన్ను వెయ్యడం ఆచారమే తప్ప వాక్యంలో ఆజ్ఞ కాదన్నాడు, ఆమె మనసు దేవుడికి తెలుసన్నాడు, ముందు కూర్చుని నాలుగు మెతుకులు తినమన్నాడు. చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. దయామణి బుద్ధిగా విని, అలాగే అన్నయ్యా అంది. పిడికిలి మాత్రం వదల్లేదు.

అయ్యగారు పళ్లెం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, ఆమెను ప్రహరీగోడ దగ్గరికి తీసుకెళ్లారు. మొక్కలు నాటడానికి తవ్వి వదిలేసిన పాదు ఉందక్కడ. ఇక్కడ వెయ్యమ్మా అన్నారు. ఆమె వంగింది, చెయ్యి చాపింది, వేళ్లు తెరుచుకోలేదు.

“వేసేస్తే అయిపోతుంది కదండీ, అయ్యగారూ.”

అయ్యగారు ఓదార్చలేదు. మోకాళ్ల నొప్పుల మనిషి, గోడ పట్టుకుని కిందికి దిగి కూర్చున్నారు. పిడికెడు మన్ను తీసి, ‘దీనమ్మ’ అని పైకే పలికి పాదులో వేశారు. తరువాత వంటచేసిన అతను వచ్చి అలాగే చేశాడు. ఆ వెనక షెడ్డులోవాళ్లంతా తినే పళ్లాలు వదిలి, చేతులు కడుక్కుని, ఒకరి వెనక ఒకరు వచ్చారు. ప్రతి నోటా ఆ ఒక్క పేరే.

చెట్ల కింద కూర్చున్న ఇథియోపియావాళ్లు ఇదంతా చూశారు. వాళ్లలో ఒక పొడుగాటి ఆవిడ వచ్చి ఎవరు పోయారని అరబ్బీలో అడిగింది. తల్లి అని చెప్పారు. పేరేమిటంది. చెప్పారు. ఆవిడ వంగి మన్ను తీసుకుని, ఆ పేరు నోట తిరగక రెండుసార్లు కూడబలుక్కుని, ‘దీనమ్మ’ అని వేసింది. వేసి, అక్కడే కూలబడి, కన్నతల్లి పోయినట్టు గొంతెత్తి ఏడ్చింది. ఆవిడ వెనక తెల్లశాలువాలన్నీ కదిలివచ్చాయి. వాళ్ల ఆరాధన వేళ దాటిపోతోంది, హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి, ఒక్కరూ లోపలికి పోలేదు.

రాజోలు దాటి ఎరగని ముసలమ్మ! సముద్రానికి ఇవతల, ఆమె భాష రానివాళ్లు ఆమె పేరు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఇదేమిటి ప్రభువా అనుకున్నాడు నతానియేలు. చెప్పులు విప్పేసి తనూ వరసలో కలిశాడు. వంతు రాగానే మన్ను తీశాడు, పేరు పలకబోయాడు. కళ్ల నీళ్లు మన్ను మీదే పడ్డాయి.

అందరూ అయ్యాక దయామణి పిడికిలి విప్పింది. చెమటకు మన్ను ముద్దకట్టి ఉంది. దాన్ని మెల్లిగా అందరి మన్ను మీదా పెట్టింది.

“వెళ్లిరా అమ్మా,” అంది.

ఆడవాళ్లు కొళాయి దగ్గర ఆమె కాళ్లూ చేతులూ కడిగి, షెడ్డులోకి తీసుకెళ్లి అన్నం కలిపి తినిపించారు. ఆమె తిన్నది. తరువాత యజమానురాలు పంపిన కారెక్కి పనికి వెళ్లిపోయింది. ఇథియోపియావాళ్లు హాల్లోకి వెళ్లారు, పాట మొదలైంది.

నతానియేలు మాత్రం పాదు దగ్గరే నిలబడి ఉన్నాడు. అయ్యగారు దగ్గరికి వస్తే, ఆ పొడుగాటి ఆవిడ గురించి అడిగాడు. దీనమ్మ ఆవిడకు ఏమవుతుందని అంతలా ఏడ్చిందన్నాడు.

అయ్యగారు అతని తడిసిన మొహం చూశారు.

“వెళ్లి అడుగు నాయనా. ఆవిడా నిన్ను అదే అడుగుతుంది. ఏం చెప్పాలో చూసుకుని మరీ వెళ్లు.”