ఘాట్‌రోడ్డుకి మెలికలు ఎలా వచ్చాయి

ఒకప్పుడు దారులన్నీ తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉండేవి. కొండ ఎదురైనా సరే, పక్కకి తిరిగేవి కావు.

అలాంటి దారి ఒకటి సముద్రం ఒడ్డున ఉప్పుమడుల దగ్గర బయలుదేరింది. తాటితోపులు దాటింది. వరిచేలు దాటింది. మామిడితోటల్లోంచి దూసుకొచ్చి కొండ కింద ఆగింది. కొండమీది ఊరికి ఉప్పు చేర్చాలి, అక్కడి పసుపు కిందికి తేవాలి. అదీ దాని పని.

"తప్పుకో, పైకి రావాలి" అంది దారి.

"రా, చూద్దాం" అంది కొండ.

దారి నిటారుగా ఎక్కింది. మొదటి వానకే కొండ ఒళ్ళు దులుపుకుంది. మట్టీ, రాళ్ళూ, దారీ కలిసి జారిపోయాయి. ఎండలు రాగానే దారి మళ్ళీ ఎక్కింది. వాన రాగానే మళ్ళీ జారింది. అలా మూడేళ్ళు.

మూడో ఏడు పసుపు కావడి మోస్తున్న కొండమీది ఊరి డొంబు కూడా ఆ రాళ్ళతో పాటు పడ్డాడు. కాలు విరిగింది.

అతని భార్య బుద్రి ఆకుపసరు పోసి కట్టు కట్టింది. మొగుణ్ణి పడుకోబెట్టి కొండ అంచుకి వెళ్ళి నిలబడింది.

"కొండతల్లీ, నీ ఒళ్ళో పుట్టినోళ్ళం. మమ్మల్నెందుకు తోసేస్తన్నావు?"

"మిమ్మల్ని కాదే పిల్లా! ఆ దారి నన్ను నిలువునా కోస్తోంది. వాన నీళ్ళన్నీ ఆ కోతలో పడి పరిగెత్తి నా మట్టిని ఈడ్చుకుపోతున్నాయి. మట్టి పోతే నీ పసుపు ఎక్కడ మొలుస్తుంది?"

బుద్రి వంగి కొండ వాలుని కిందిదాకా చూసింది. తరవాత అడిగింది.

"నీ నడుం చుట్టూ తిరిగొస్తే?"

"అలా వస్తే మోస్తాను."

బుద్రి గబగబా కిందికి దిగింది. సంగతి వినగానే దారికి కోపం వచ్చింది.

"నేను వంగడమా? తోటి దారులు నవ్వవూ?"

"నవ్వితే నవ్వనీ. నా మొగుడు మంచం మీదున్నాడు. ఊరంతా ఉప్పులేని అంబలి తాగతంది. వానలు రాకముందే నువ్వు పైకి రావాలి. ఒప్పుకునేదాకా నేనిక్కణ్ణుంచి కదల్ను."

"వెళ్ళవయ్యా బాబూ! నిటారుగా బండి లాగి నా మోకాళ్ళు అరిగిపోయాయి" అంది అక్కడే మేస్తున్న ఎద్దు.

దారి సణుగుతూ లేచింది.

బుద్రి ఉప్పుమూట నెత్తికెత్తుకుంది. ఏటవాలుగా నడిచింది. ఆయాసం వచ్చినచోట ఆగి, రెండోవైపుకి తిరిగింది. దారి ఆమె అడుగులో అడుగు వేసింది.

"నేను జరగను" అంది బండరాయి.

"నిన్ను జరగమన్నదెవరు?" అని బుద్రి చుట్టూ తిరిగి వెళ్ళింది.

"నన్ను పూడ్చకమ్మా" అంది వాగు. బుద్రి నీళ్ళు పారేలా సందులుంచి రాళ్ళు పేర్చింది.

సగం కొండ ఎక్కాక దారి మొరాయించింది. "ఇందాకటి చింతచెట్టే మళ్ళీ కనిపిస్తోంది! వెనక్కే పోతున్నాం!"

"అప్పుడు మన పక్కనుంది. ఇప్పుడెక్కడుందో చూడు."

దారి తొంగిచూసింది. చెట్టు చిటారుకొమ్మ కాళ్ళకిందెక్కడో ఉంది! దారి మళ్ళీ ఆమె వెనకే నడిచింది.

ఆ ఏడు వారం రోజులు విడవకుండా వాన కురిసింది. గులకరాయి కూడా జారలేదు. డొంబు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి, తడిసిన ఎద్దు ఉప్పుబండి లాక్కుంటూ పైకి వస్తోంది.

తరవాత ఆ దారికి కంకర పడింది, తారు పడింది, స్టేట్ హైవే అని నంబరు రాసిన రాయీ పాతారు. కానీ బుద్రి నడిచిన ఆ రోజునుంచే కొండెక్కే దారులన్నీ మెలికలు తిరుగుతాయి. ఎంత పెద్ద లారీ అయినా మెలిక మెలికకీ నెమ్మదించి, హారన్ కొట్టి, కొండ ఎటు తిరగమంటే అటే తిరుగుతుంది.