చేమంతికి చీకటి ఎందుకిష్టం

ఒకప్పుడు పూలన్నీ ఎండాకాలంలోనే పూసేవి. మల్లె, బంతి, కనకాంబరం, చేమంతి, అన్నీ ఒకేసారి! పెళ్లి భోజనాల దగ్గర చుట్టాల్లాగా నేను ముందంటే నేను ముందని తోసుకునేవి. వానాకాలం వెళ్లేసరికి పెరడంతా ఉత్త ఆకులే మిగిలేవి.

ఆ తోపులాటలో చేమంతిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. అందరి ముక్కులూ మల్లె వైపే. అయినా అప్పటి చేమంతి పువ్వులో చూడ్డానికేముందని? చుట్టూ నాలుగంటే నాలుగు రేకులు. అవి కూడా నిద్రమొహంతో వేలాడుతూ ఉండేవి.

గవరమ్మ అనే ముసలమ్మ పెరట్లో అలాంటి చేమంతి మొక్క ఒకటుండేది. గవరమ్మకు పైడి అని చిన్న మనవరాలు. ఆ పెరటి గోడ కన్నంలో తేనెటీగలు కాపురముండేవి.

ఒక ఏడాది వానలు విడవకుండా కురిశాయి. తేనెటీగలు దాచుకున్న తేనె అయిపోయింది. వానలు తగ్గాక తల్లి తేనెటీగ బయటికొచ్చి పెరడంతా తిరిగింది. ఎక్కడా పువ్వే లేదు. సాయంత్రానికి అలిసిపోయి చేమంతి ఆకు మీద వాలింది.

"అమ్మా చేమంతీ, నా పిల్లలు ఆకలితో ఉన్నారు. చలి ముదిరేలోగా తేనె దొరక్కపోతే బతకరు. ఒక్క పువ్వు పూయవూ?" అని ఏడ్చింది.

ఆ ఏడుపు పైడి చెవిన పడింది. పాపం, ఆ పిల్ల మిగతా మాట వినకుండానే ఇంట్లోకి పరుగెత్తింది.

వినుంటే ఎంత బాగుండేది! ఎందుకంటే చేమంతి ఇలా అంది: "పూయాలనే ఉందమ్మా. కానీ నేను కలగంటేనే పువ్వు పూస్తుంది. కల ఎంత పొడుగైతే పువ్వు అంత నిండుగా ఉంటుంది. ఎండాకాలం రాత్రి ఒక్క కునుకంతే. కల సగంలో ఉండగానే సూర్యుడొచ్చి లేపేస్తాడు."

అప్పుడే పెరట్లోకి అడుగుపెడుతున్న చీకటమ్మ ఆ మాట వింది. "దానికేం భాగ్యం! ఇకనుంచి నా కొంగు రోజూ కాస్త కాస్త పొడుగవుతుంది. నీకే కప్పుతాను, హాయిగా పడుకో" అంది.

ఇంతలో పైడి రానే వచ్చింది, చేతిలో వెలుగుతున్న ప్రమిదతో. ఎండలో పూసే మొక్కకు ఎండ లేకపోతే దీపమైనా ఉండాలని ఆ పిల్ల లెక్క. ప్రమిదను చేమంతి పక్కనే పెట్టి మురిసిపోయింది.

దీపం పెట్టిన చేతిని చేమంతి వద్దని ఎలా అంటుంది? చీకటమ్మ దగ్గరికి రాలేక దడి అవతలే నిలబడిపోయింది.

పైడి రోజూ దీపం పెట్టింది. చేమంతి రోజూ కళ్లు తెరుచుకునే ఉంది. మొగ్గలు వచ్చాయి గానీ మిరియపు గింజల్లా గట్టిపడి ఆగిపోయాయి. గోడ కన్నంలో ఝుంకారం సన్నబడింది. ఒక సాయంత్రం పైడి చెవి ఆనించి వింటే ఏమీ వినపడలేదు. బావురుమంది.

గవరమ్మ గబగబా వచ్చింది. "ఏటే గుంటా, ఈ దీపం ఇక్కడెట్టినావేటి?"

"పువ్వు పూస్తాదని మామ్మా! ఈగ పిల్లలు సచ్చిపోతన్నాయి!"

"ఓలమ్మ! దీపాలెట్టినాక సెట్టు మీద సెయ్యెయ్యకూడదని సెప్పలేదేటి? సెట్లు తొంగుంటాయే!"

"నాను సెయ్యెయ్యలేదు మామ్మా. దీపమే ఎట్టినాను."

గవరమ్మ మనవరాలి కళ్లు తుడిచింది. "దీపం ఎలుగూ సెయ్యే తల్లీ. రాత్రంతా తట్టి లేపుతాది."

పైడికి చీకటంటే ప్రాణం పోయేంత భయం. అయినా కన్నం వైపు చూసి, పళ్లు బిగబట్టి, ప్రమిద ఎత్తుకుని ఇంట్లోకి నడిచింది. పెరడు నల్లగా అయిపోయింది.

చీకటమ్మ మెల్లగా దడి దాటి వచ్చింది. కొంగు చాచి చేమంతిని తల నుంచి వేరు దాకా కప్పింది. చేమంతి కళ్లు మూసుకుంది. కలలో ఎక్కడెక్కడో తిరిగింది. మబ్బులు కడుక్కుని ఆరేసుకున్న ఆకాశం చూసింది, ఒక రేకు పుట్టింది. వెన్నెల తాగుతున్న గడ్డిపరకను చూసింది, ఇంకో రేకు. మంచు బొట్టు నడిచొచ్చిన దారి చూసింది, మరో రేకు. రాత్రులు పొడుగవుతూ పోయాయి, కల తెగలేదు.

ఒక పొద్దున పైడి లేచి చూసేసరికి పెరడు పచ్చగా వెలుగుతోంది. చేమంతులు! ఎవరూ లెక్కపెట్టలేనన్ని రేకులు! తల్లి తేనెటీగ ఓపిక కూడదీసుకుని వచ్చి, నడుం దాకా పువ్వులో దూరిపోయింది. మధ్యాహ్నానికి పైడి భయంభయంగా గోడకు చెవి ఆనించింది. లోపల పిల్లలన్నీ ఒకటే గోల! పైడి కూడా వాటితో కలిసి గోల చేసింది.

అప్పటినుంచే, ఎండాకాలంలో ఎంత బతిమాలినా చేమంతి పూయదు. వానలు వెళ్లి రాత్రులు పొడుగయ్యాకే, కల పూర్తయ్యాకే, అన్నన్ని రేకులతో విచ్చుకుంటుంది. పక్కన రాత్రంతా దీపం వెలిగితే ఇప్పటికీ మొగ్గ విప్పదు. అందుకే దీపాలు పెట్టాక చేమంతి పక్కనుంచి మెల్లగా నడవండి. అది ఊరికే పడుకోలేదు, గోడలోని పిల్లలకు వంట చేస్తోంది.