రాతిపువ్వును చూసి వేసిన బొమ్మ

రండర్రా పిల్లలూ, ముందుకు జరగండి. ఆ కొండదేవతకి ఒక్కసారి దణ్ణం పెట్టుకోండి, మొదలుపెడతాను.

అనగనగా ఒక కొండ అడవిలో ముళ్లపంది, ఊసరవెల్లి ఉండేవి. ముళ్లపంది తన ముల్లుతో గీతలు గీస్తే, ఊసరవెల్లి రంగులు అద్దేది. ఒకదాన్నొకటి 'బావా' అని తప్ప పిలిచేవి కావు. ఏటా జాతరకి దేవత గుహ గోడ మీద బొమ్మ వేసేది ఈ రెండే. బొమ్మ వేసినవాళ్లకే మొదటి ప్రసాదం. తేనెలో ముంచిన ఒక్క పనసతొన!

ఆ ఏడు పూజారి ఎలుగుబంటి పిలిచి, "ఈసారి కలిసి బతకడం గురించి వెయ్యండి నాయనా. జాతర నాటికి గోడ బోసిగా కనిపించిందా, ఇక ఈ పని మీకుండదు" అంది.

చూసి వెయ్యడానికి ఏదైనా దొరుకుతుందేమోనని రెండూ ఓ పెద్ద బండ దగ్గరికి వెళ్లాయి. బండ నిండా బూడిదరంగు, పసుపు, లేతాకుపచ్చ ముగ్గులు. అదే రాతిపువ్వు. మీ అమ్మ మసాలాలో వేస్తుందే, దాని చుట్టమే. పేరుకి ఒక పువ్వు, లోపల కాపురం ఉండేది ఇద్దరు: బూజు, పాచి. బూజు రాయిని పట్టుకుని నీళ్లు దాస్తుంది. పాచి ఎండతో వంట చేస్తుంది.

"మీ ఇద్దర్లో ఎవరు గొప్ప?" అని అడిగింది ముళ్లపంది.

"ఒకరు పోతే తెలుస్తుందేమో" అంది బూజు.

"తెలుసుకోవడానికి రెండోవాళ్లు మిగలాలిగా!" అని నవ్వింది పాచి.

"ఆహా, ఎంత మాట!" అంటూ ఊసరవెల్లి ఒక కన్ను తుడుచుకుంది. రెండో కన్ను అప్పటికే ఏ రంగు ఎక్కడ వెయ్యాలో చూసుకుంటోంది.

ఆ రాతిపువ్వునే గుహ గోడ మీద వేశాయి. బొమ్మ అద్భుతంగా కుదిరింది. చూసి జింకలు ఏడ్చాయి. అడవిపందులు కూడా ఏడ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది, పనసతొన.

"గీత లేకపోతే నీ రంగు ఎక్కడ నిలుస్తుంది బావా? తొన నాది."

"రంగు లేకపోతే నీ గీతలు పందికొక్కు గీకుళ్లు బావా! తొన నాది."

"చెరిసగం తినండర్రా" అంది ఎలుగుబంటి.

"ప్రసాదం ముక్కలు చెయ్యడమా? అపచారం!" అన్నాయి రెండూ. ఆ ఒక్క మాట మీద మాత్రం కలిశాయి.

మనమైతే ప్రసాదం దగ్గర తోసుకోం కదా! ఎందుకర్రా నవ్వుతున్నారు?

"నా రంగులు నావి" అని ఊసరవెల్లి గోడ కడిగేసింది. "నా గీతలు నావి" అని ముళ్లపంది మిగిలింది గీకేసింది. జాతర పొద్దుకి గోడ బోసిగా మిగిలింది.

ఎలుగుబంటి నిట్టూర్చి, హారతిపళ్లెం పట్టుకుని బండ దగ్గరికి నడిచింది. అడవంతా వెనకే వెళ్లింది.

"అమ్మవారు వేయించుకున్న బొమ్మ ఇదే. ఇకనుంచి జాతర ఇక్కడే, గోడకి బొమ్మలక్కర్లేదు" అని పనసతొనని రాతిపువ్వు ముందు పెట్టింది.

"పాచికి పెట్టండి స్వామీ" అంది బూజు.

"బూజుకి పెట్టండి స్వామీ" అంది పాచి. "అసలు మాకు తొనలెందుకు? కాస్త తీర్థం చల్లండి, ఇద్దరికీ చాలు."

ఎలుగుబంటి తీర్థం చల్లింది. బండంతా పచ్చగా మెరిసింది. తొన అంటారా, దాన్ని చీమలన్నీ కలిసి మోసుకుపోయాయి.

గుంపు వెనకాల ఊసరవెల్లి ముక్కు చీదింది. "చూశావా బావా, కలిసి ఉంటే ఎంత బాగుంటుందో!"

"ఆ మాట ముందు అనుకున్నది నేను" అంది ముళ్లపంది.

నీతి: కలిసి బతకడాన్ని బొమ్మగా వెయ్యడం వస్తే చాలదు, పక్కవాడి వంతు పక్కవాడికి ఇవ్వడం కూడా రావాలి.