బుక్ చేసిన బండ

అవధాని మాస్టారు అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. ముందు కాఫీ ఇప్పిస్తారు. కాఫీ తాగేలోపు ప్రశ్న దానంతటదే కరిగిపోతే సరి, లేకపోతే అప్పుడు చూద్దామంటారు. ఉద్యోగమంతా కంపెనీల లెక్కలు తనిఖీ చేయడంలోనే గడిపి రిటైరైన మనిషి. బెజవాడలో ఆయన ఫ్లాట్‌కి ఆదివారం పూట షేర్ల సంగతులు నేర్చుకోవడానికి వెళ్లే మా నలుగురైదుగురికి గురువు. ఫీజు లేదు. ఓపిక మాత్రం బాగా ఉండాలి.

ఆ ఆదివారం ప్రశ్న అడిగింది వసుంధర. కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. నూజివీడు దగ్గర స్థలం అమ్మగా వచ్చిన డబ్బు మొత్తం ఒక పైపుల కంపెనీ షేర్లలో పెట్టాలని నిశ్చయించుకుంది. ఆ స్థలం తప్ప ఆవిడకు వెనకా ముందూ ఏమీ లేదు. కంపెనీ అమ్మకాలు పెరుగుతున్నాయి, లాభం బాగుంది, నిరుడు కొత్త ఫ్యాక్టరీ కూడా కట్టారు. ఒక్కటే నలుసు. ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పు రెట్టింపయింది.

“పెద్ద అప్పేం కాదు మాస్టారూ, స్వల్పకాలికమే. గడువు తీరిన ప్రతిసారీ బ్యాంకులు మళ్లీ ఇస్తూనే ఉన్నాయి. దీనికి భయపడాలంటారా?” అంది.

అక్కర్లేదు అనిపించుకోవడానికే వచ్చిందని ఆ గొంతులోనే తెలిసిపోయింది. మర్నాడు మార్కెట్ తెరవగానే కొనేస్తుందట.

మాస్టారు అలవాటు ప్రకారం వంటింటివైపు చూశారు. కాఫీ రాలేదు. ఆయన భార్య శ్యామలమ్మగారు వచ్చి, పాలు కాగకముందే గ్యాస్ అయిపోయిందని చెప్పారు. నిండు బండేమో కింద కర్రీ పాయింట్ కృష్ణకుమారి దగ్గర ఉంది. ఆమె ఖాళీ బండ ఇచ్చి అడిగితే కాదనలేక, పోయిన వారమే నిండుది ఇచ్చారట.

“రండమ్మా, మన బండ తెచ్చుకుందాం” అని మాస్టారు చెప్పులు వేసుకున్నారు. చేసేదేముంది, మేమూ దిగాం.

ఇంటి బండను వ్యాపారానికి వాడకూడదన్న నియమం ఆ అపార్టుమెంటులో అందరికీ తెలుసు. కృష్ణకుమారి చేసే గుత్తివంకాయ తిన్నవాళ్లెవరూ ఆ మాట ఎత్తరు. మొదట్లో ఒక పొయ్యితో మొదలుపెట్టింది. గిరాకీ పెరిగేసరికి రెండోది, ఆపైన మూడోది కొంది. పొయ్యిలు కొంది గానీ, ఆమె పేరున ఉన్న కనెక్షన్ మాత్రం ఒక్కటే. మిగతా బండలు పై ఫ్లాట్ల నుంచి వస్తుంటాయి. ఒకరు అడిగితే ఇంకొకరి దగ్గర తెచ్చి వాళ్లకిస్తుంది. ఇంతవరకూ ఎవరిదీ ఎగ్గొట్టలేదు.

మేం వెళ్లేసరికి గుమ్మం ముందు జనం మూగి ఉన్నారు. లోపల మూడు పొయ్యిలూ మండుతున్నాయి. ఎవరిదో గృహప్రవేశానికి మధ్యాహ్నం భోజనాల ఆర్డరు కూడా ఉందట. వసుంధర ఆ గిరాకీ చూసి ముచ్చటపడింది. ఈవిడ కంపెనీ పెడితే నేనే మొదట షేర్లు కొంటానని నా చెవిలో గొణిగింది.

మాస్టారు బండ సంగతి ఎత్తారు. కృష్ణకుమారి గరిటె తిప్పుతూనే నవ్వింది.

“అదేమన్నా అప్పా మాస్టారూ, చేబదులే కదా. సాయంత్రానికి మూడో అంతస్తు వాళ్లది అడిగి మీకు పంపేస్తాను.”

ఆ మాట పూర్తి కాకుండానే రెండో అంతస్తు ప్రభాకర్‌గారు హడావుడిగా దిగారు. చెప్పాపెట్టకుండా వియ్యాలవారు వచ్చారట, ఇంట్లో గ్యాస్ లేదట, ఆయన బండ ఆయనకు ఇప్పుడే కావాలట. కృష్ణకుమారి మూడో అంతస్తు వాళ్లకు ఫోన్ చేసింది. వాళ్లు ఊళ్లో లేరు. ప్రభాకర్‌గారు మంచివారే. కానీ వియ్యాలవారు సోఫాలో కూర్చుని ఉన్నప్పుడు ఎంత మంచివారైనా ఏం చేస్తారు? నొచ్చుకుంటూనే రెగ్యులేటర్ విప్పి, బండ దొర్లించుకుంటూ లిఫ్ట్ దాకా వెళ్లారు. మధ్య పొయ్యి ఆరిపోయింది. దాని మీద పప్పు ఇంకా ఉడకనే లేదు.

కృష్ణకుమారి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. “ఇన్నాళ్లూ అందరూ ఒక్కసారే అడగలేదండీ” అంది, మాలో ఎవరితోనూ కాకుండా. నాకు నిజంగా జాలేసింది. వంటలో లోపం లేదు, గిరాకీలో లోపం లేదు, మనిషిలోనూ లేదు. ఇంకో బండ పోతే ఆ పూట ఆర్డరూ పోతుంది, ఆ చుట్టుపక్కల సంపాదించుకున్న పేరూ పోతుంది. ఆమె మాస్టారి మొహంకేసి చూసింది. వసుంధరా అటే చూసింది.

మాస్టారు కాసేపు ఆ మంట చూసి, “వంటలు దిగాక పంపమ్మా” అని వెనక్కి తిరిగారు.

మెట్లెక్కుతుంటే వసుంధర ఉండబట్టలేక, ఇంత బాగా నడుస్తున్న వ్యాపారానికి ఈ అవస్థ ఏమిటని అడిగింది. ఆయన మాకంటే ముందే ఎక్కేశారు. పైకి వెళ్లేసరికి కాఫీ సిద్ధంగా ఉంది. ఎదురింటివాళ్ల బండ తెచ్చి తగిలించానని శ్యామలమ్మగారు చెప్పారు. వసుంధరకు దొరికిందే సందు.

“మరి మీరూ చేబదులే తెచ్చారుగా. ఆవిడకీ మీకూ తేడా ఏముందండీ?”

“మాది మొన్ననే బుక్ చేశానమ్మా, ఎల్లుండి వస్తుంది. రాగానే వాళ్లది వాళ్లకి ఇచ్చేస్తాను” అన్నారావిడ, అందులో అడగడానికేముందన్నట్టు.

వసుంధర కప్పు కింద పెట్టింది. బ్యాగులోంచి ఆ కంపెనీ వార్షిక నివేదిక తీసి మొదట అప్పుల పేజీ, తర్వాత కొత్త ఫ్యాక్టరీ ఫొటో ఉన్న పేజీ తిప్పింది. మళ్లీ అప్పుల పేజీకి వచ్చి, అప్పు రెట్టింపయిందీ ఫ్యాక్టరీ కట్టిందీ ఒకే ఏడని చూసి ఆగిపోయింది. మాస్టారు తన కాఫీ ఆఖరి గుక్క దాకా తాగి, కప్పు పక్కన పెట్టారు.

“ఇంతకీ అమ్మా, మీ పైపులవాళ్లు బండ బుక్ చేశారంటారా?” అన్నారు.