బుల్లెమ్మ సిబ్బి గడియారం

"బుల్లెమ్మవ్వా, వరాలు పుల్ల తిప్పేసింది."

వీధి ఆ చివర నుంచి పిల్లల కేక. దాని వెనకే ఇంకో కేక. "అమ్మపొద్దు మీదికి తిప్పేసి రేవుకి పరిగెత్తింది. పట్టుకో అవ్వా."

బుట్టలల్లే బుల్లెమ్మ చేతిలో వెదురుబద్ద అక్కడే పడేసి, చెంగు దోపుకుని లేచింది.

ఆగండాగండి. పుల్లేమిటి, తిప్పడమేమిటి అంటారా. అక్కడికే వస్తున్నాను. ఊ కొట్టేవాళ్లు కొట్టండి, నిద్రొచ్చేవాళ్లు గోడకి జారబడండి. ఇది గోదారి మీద వంతెనలు లేని నాటి మాట. మా తాతకి వాళ్ల తాత చెప్పాడు. ఆయనకెవరు చెప్పారో ఆ గోదారికే తెలియాలి.

ఆ రేవులో ఆడవాళ్లు తెల్లారగానే పడవెక్కి, ఏటి మధ్య లంకలో కూరమళ్ల పనికి పోయేవారు. మగవాళ్లు పడవల మీద, తెప్పల మీద పోయేవారు. ఇక మిగిలింది పిల్లలు. పిల్లలందరూ బుల్లెమ్మ వాకిట్లో. ఆవిడకి పిల్లల్లేరు. ఎప్పుడూ ఇంటి దగ్గరే కూర్చుని బుట్టలల్లుకునే మనిషి, పిల్లలు ఇంకెక్కడికి పోతారు పాపం.

పిల్లలు ఊరుకుంటారా?

"అవ్వా, అమ్మెప్పుడొస్తుంది?"

"సాయంత్రం వస్తుందే."

"సాయంత్రం ఎప్పుడొస్తుంది?"

"మీ అమ్మ వచ్చినప్పుడు."

ఇక చూడండి ఏడుపు. ఒకళ్లు మొదలెడితే వాకిలంతా అందుకునేది.

బుల్లెమ్మ ఆలోచించింది. గడియారం ఎలా ఉంటుందో ఆవిడ చూడలేదు. సిబ్బి మాత్రం తెలుసు. అదేనండి, అన్నం వార్చేటప్పుడు కుండ మూతికి అడ్డం పెట్టే గుండ్రటి వెదురల్లిక. పిల్లకో సిబ్బి అల్లింది. నడుమ తుమ్మముల్లు గుచ్చి, దానికి చీపురుపుల్ల తగిలించింది. అంచు చుట్టూ గుర్తులు కట్టింది. లేచే పొద్దుకి కోడి ఈక. పళ్లు తోమే పొద్దుకి వేపపుల్ల. ఆడుకునే పొద్దుకి గవ్వ. అలా ఒక్కోటీ కట్టుకుంటూ వచ్చి, అమ్మ వచ్చే పొద్దుకి ఆ పిల్ల వాళ్లమ్మ పాతచీర పేలికే కట్టింది. దాని పక్కన, అందరూ కూర్చుని అన్నం తినే పొద్దుకి వరికంకి.

"పళ్లు తోమావా? అయితే పుల్ల జరుపు. ఆడుకున్నావా? పుల్ల జరుపు. పొద్దు నడుస్తుంది, పుల్ల వెంట నడుస్తుంది" అని చెప్పింది.

ఏడుపులు తగ్గాయి. "ఇంకా గవ్వ దగ్గరే ఉందిలేరా, ఏడవకు" అని పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పేవారు.

బుల్లెమ్మకీ ఒక సిబ్బి ఉండేది. గుమ్మం పక్కన, పొగచూరి నల్లబడిపోయి. దానికి రెండే గుర్తులు. ఒకటి తలపాగా పేలిక, రెండోది వరికంకి. తలపాగా ఆవిడ మొగుడు పోలయ్యది. వెదురు తేవడానికి ఎగువ కొండలకి వెళ్లాడు. తెప్ప కట్టుకుని వచ్చేస్తానన్నాడు. ఆ ఏడు తెప్పలొచ్చాయి, పోలయ్య రాలేదు. మరుసటేడు తెప్పలొచ్చాయి, పోలయ్య రాలేదు. ఆపైన తెప్పలు వస్తూనే ఉన్నాయి, పోలయ్య మాత్రం రాలేదు.

అప్పట్నించి బుల్లెమ్మ కూర్చుని అన్నం తినలేదు. గిన్నె చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి తినేది.

"కాసేపు కూర్చుని తింటే నీ సొమ్మేం పోయిందే?" అని అమ్మలక్కలు ఎకసెక్కాలాడితే, "కూర్చుంటే రేవు కనపడదమ్మా" అనేది. 

ఇప్పుడు మన కేక దగ్గరికి రండి.

వరాలు అంటే రామాయమ్మ కూతురు. ఇంకా పాలపళ్లు ఊడని పిల్ల. ఆ రోజు దానికి అమ్మ మీద బెంగ పుట్టింది. పుల్ల ఇంకా గవ్వ దాటలేదు. అటూ ఇటూ చూసి, పుల్లని సర్రున అమ్మచీర పేలిక మీదికి తిప్పేసి, రేవుకి పరుగు తీసింది.

బుల్లెమ్మ వెళ్లేసరికి పిల్ల నీళ్ల అంచున నిలబడి ఉంది. పడవ లేదు. నీళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఎగువన ఎక్కడో వానలు పడ్డాయి. చూస్తూ చూస్తూ ఉండగానే గోదారి మెట్టు మెట్టూ మింగుతూ పైకొచ్చింది. బుల్లెమ్మ పిల్లని చంకనేసుకుని ఇంటికి తెచ్చింది. లంకకి వెళ్లిన పడవ ఆ సాయంత్రం రాలేదు.

మర్నాడు వరాలు మెతుకు ముట్టలేదు. మూలన ముడుచుకుంది.

"ఏమే, పాలబువ్వ పెట్టనా?"

"వద్దు."

"బెల్లంముక్క?"

"వద్దు."

"మరేం కావాలే తల్లీ?"

పిల్ల నోరు విప్పింది. "నేను పుల్ల తిప్పేశాననేగా అవ్వా, అమ్మ రావట్లేదు?"

చూశారా పసిదాని బుర్ర. అదీ దాని గుండెల మీద కూర్చున్న బండ. తిననిది అందుకు.

బుల్లెమ్మ గుమ్మం పక్కనున్న తన నల్ల సిబ్బి దించి పిల్ల ఒళ్లో పెట్టింది. తలపాగా పేలిక కింద వెదురు అరిగి నున్నబడిపోయి ఉంది.

"ఇదెందుకిలా అరిగిపోయిందవ్వా?"

"నేనూ తిప్పానే. తిప్పి రేవుకేసి చూసేదాన్ని. మళ్లీ వెనక్కి తిప్పేదాన్ని. పుల్ల తిప్పితే మనుషులు రారు తల్లీ. పుల్ల తిప్పావని రావడం మానుకోరు కూడా. పొద్దు నడుస్తుంది, పుల్ల వెంట నడుస్తుంది. అంతే."

వరాలు బావురుమంది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, బెల్లంముక్క అడిగింది.

కానీ అమ్మ రానిదే పుల్ల ఎక్కడికని జరుగుతుంది? పిల్లలందరి పుల్లలూ చీరపేలికల ముందు ఆగిపోయాయి. అప్పుడు బుల్లెమ్మ ఏం చేసిందో తెలుసా. కొత్త గుర్తులు కట్టింది. పొద్దున చీమలకి నూక చల్లే పొద్దని ఒక దారపు ముడి. ఎండెక్కాక ఒకరికొకరు జడలల్లుకునే పొద్దని ఇంకో ముడి. చల్లబడ్డాక అమ్మ గురించి తలో మాటా చెప్పుకునే పొద్దని మూడో ముడి. "మా అమ్మ గురక పెడుతుంది" అని ఒకడు. "మా అమ్మ ఇంకా గట్టిగా పెడుతుంది" అని ఇంకొకడు. ఏడవాల్సిన పిల్లలు పడీ పడీ నవ్వారు.

అలా రోజులు గడిచి, ఒక సాయంత్రం మూడో ముడి దగ్గర పుల్ల ఉండగా రేవులో మనుషుల గోల వినపడింది. వరద తీసింది. పడవొచ్చింది. తల్లులు బురదకాళ్లతోనే పరుగెత్తుకొచ్చారు. రామాయమ్మ వరాల్ని ఎత్తుకుని వదలదే.

బుల్లెమ్మ పెద్దకుండతో అన్నం వార్చింది. తల్లులూ పిల్లలూ వరసగా కూర్చున్నారు. అందరికీ వడ్డించి, తన గిన్నె పట్టుకుని ఎప్పట్లాగే గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

వరాలు లేచి వెళ్లి చెంగు పట్టుకుంది.

"కూర్చో అవ్వా."

"నేను కూర్చుంటే రేవు ఎవరు చూస్తారే?"

"నేను చూస్తాను."

ఆ పిల్ల ముద్ద చేత్తో పట్టుకుని, ఆవిడ నిలబడే చోటే నిలబడి, రేవుకేసి కళ్లార్పకుండా చూసింది. బుల్లెమ్మ అటే చూస్తూ కాసేపు ఆగింది. తర్వాత మోకాళ్లు పట్టుకుని మెల్లిగా కూర్చుంది. ఎన్నేళ్లకో అన్నం ముందు కూర్చుంది.  రామాయమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

ఆ తర్వాత బుల్లెమ్మ బతికినన్నాళ్లూ ఎవరో ఒక పిల్ల గుమ్మంలో నిలబడేది, ఆవిడ కూర్చుని తినేది. ముసలితనం వచ్చి ఒకనాడు కన్నుమూసింది. అప్పటికి పిల్లల తల్లయిన వరాలు, ఆ నల్ల సిబ్బి పుల్లని తలపాగా పేలిక మీదికి జరిపింది. "కలుసుకునే ఉంటారు. ఇప్పుడు జరపొచ్చు" అంది.

ఇప్పటికీ ఆ రేవులో ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక సిబ్బి వేలాడుతుంది. ఎవరైనా ఇంటికి రావడం ఆలస్యమైతే దానికో దారపు ముడి వేసి, వచ్చేదాకా ఏదో ఒక చిన్నపని చేసుకుంటారు. అందరూ వచ్చాక ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల పుల్లని వరికంకి మీదికి జరిపి, మొదటి ముద్ద చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. రేవుకేసి ఒకసారి చూస్తుంది.

"చూస్తున్నానవ్వా, నువ్వు కూర్చో" అంటుంది.

గుమ్మం పక్కన కాస్త చోటు వదిలి, అప్పుడు అందరూ అన్నానికి కూర్చుంటారు.